ముందు ఈల, తర్వాత మాట

చెంపదెబ్బ కిటికీలోంచి వచ్చింది.

అంతకు ముందు ఆమె చూపు తెర మీద ఉంది. కారు అద్దానికి అంటించిన ట్యాగ్‌ను పైనున్న యంత్రం చదవలేదు. ఎర్ర దీపం వెలిగింది. "ట్యాగ్ పలకడం లేదు సార్, కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ రండి" అంది. ఆ టోల్ బూత్‌లో కూర్చున్నప్పటి నుంచీ ఆమె నోట ఎక్కువగా వచ్చే మాట అదే. కారులో మనిషి ఫోన్ మాట్లాడుతూనే అద్దం దించి, ఆమె వైపు చూడకుండా, "గేటు తియ్యి" అన్నాడు.

"లేదంటే టోల్ చేత్తో కట్టాలి సార్."

"తియ్యవే."

ఆమె తియ్యలేదు. అతను కారును ముందుకు పోనిచ్చాడు. అడ్డకర్ర బానెట్‌కు తగిలి గీసుకుపోయిన చప్పుడైంది. ఫోన్ సీటు మీద పడేసి దిగాడు. ఆమె మెడలో తాడుకు వేలాడుతున్న ఈలను తీసి పెదవుల మధ్య పెట్టుకుంది. ఊదేలోపే అతని చెయ్యి లోపలికొచ్చింది. ఇనుప ఈల, పెదవి, పన్ను ఒకదానికొకటి కొట్టుకున్నాయి. తల వెనకనున్న ఫ్యాన్ కడ్డీకి తగిలింది. కళ్ళు తెరిచేసరికి అతను అడ్డకర్రను రెండు చేతులతో పైకి విరిచేసి కారెక్కుతున్నాడు.

అప్పుడు ఊదింది. ఈల నిండా నెత్తురు. శబ్దానికి బదులు బుడగలు వచ్చాయి. విదిలించి మళ్ళీ ఊదేసరికి కారు లేను దాటింది.

ఆఖరి లేనులో కాపలా ఉన్న ఆమె తమ్ముడు ఈల విని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మధ్యలో ఒక లారీ అడ్డం వచ్చింది. చుట్టు తిరిగి వచ్చి, అందదని తెలిసి కూడా, కర్రను కారు వెనక విసిరాడు. అది రోడ్డు మీద పడింది. వెనక వచ్చిన లారీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. అతను అక్క బూత్ కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యక్కా."

"ఏం లేదురా. నీ లేనుకు పో."

"తియ్యమన్నానా."

ఆమె తీసింది. అతను చూశాడు. కిటికీ అంచును పట్టుకున్న అతని వేళ్ళు తెల్లబడ్డాయి.

సూపర్‌వైజరు వచ్చి ముందు విరిగిన అడ్డకర్రను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"ఈల ఎందుకిచ్చామమ్మా? మెడ బోసిగా ఉందనా? ఆగుతాడా ఆగడా అని అనుమానం వస్తే చాలు, ఊదెయ్. ముందు ఈల, తర్వాత మాట. ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు సార్ సార్ అని బతిమాలుతూ కూర్చుంటే వాళ్ళు ఇలాగే పోతారు."

పక్క బూత్‌లోంచి పిన్ని తల బయటపెట్టింది. నెరిసిన జుట్టున్న మనిషి. అక్కడ పనిచేసే అందరికీ పిన్నే.

"దాని నోరు చూడండి ముందు. కర్రకైతే ఇంకో కర్ర తెస్తారు, పన్నుకు పన్ను తెస్తారా?"

"నువ్వూరుకో పిన్నీ."

"ఊరుకోక ఏం చేస్తా, నాకు ఈల వెయ్యడం రాదుగా" అని పిన్ని తల లోపలికి లాక్కుంది.

ఇంట్లో అమ్మ వేడినీళ్ళలో గుడ్డ ముంచి చెంపకు అద్దింది. తమ్ముడు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. ఆ ఉద్యోగం అతనికి ఇప్పించింది అక్కే. సూపర్‌వైజరు చుట్టూ తిరిగి, బతిమాలి, "మావాడికి బలముంది సార్, బుద్ధిమంతుడు కూడా" అని చెప్పి పెట్టించింది. ఆ బుద్ధిమంతుడు ఇప్పుడు కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"తినరా" అంది అమ్మ.

"వాడి మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు నేను" అన్నాడు అతను. కంచం పక్కకు నెట్టి, "రేపు ఎవడైనా రానీ" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. అంటే, అందరూ ఆగారు. ట్యాగ్ పలకనివాళ్ళు గొణుక్కుంటూ వెనక్కి తీసుకున్నారు. ఒకతను ఆమె పెదవి వాపు చూసి, "ఏమ్మా, మీ ఆయనా?" అని నవ్వాడు. ఆమె చిల్లర అతని చేతిలో పెట్టి అడ్డకర్ర లేపింది.

టోల్‌గేటు పల్లంలో ఉంది. అటు నుంచి వచ్చే రోడ్డు చాలా దూరం నుంచి కిందికి దిగుతూ వస్తుంది. గేటు దాటాక మళ్ళీ ఎత్తు. దిగేటప్పుడు బండ్లు వేగం తగ్గిస్తాయి. తగ్గించని బండి దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ వ్యాను అలాగే తెలిసింది. హారన్ ఆపకుండా మోగిస్తూ, పగటిపూట లైట్లు వేసుకుని, వరసలో ఉన్న కార్లను తప్పించి, ఖాళీగా ఉన్న ఆమె లేనులోకి తిరిగింది.

నిన్నటి కారు కూడా పోయేటప్పుడు హారన్ కొడుతూనే పోయింది.

ఆమె ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. ఈసారి శుభ్రంగా, సాగదీసి, గుండెల్లో గాలి అయిపోయేదాకా ఊదింది.

ఈల పడగానే గార్డులు ముళ్ళ పట్టీని రోడ్డుకు అడ్డంగా లాగారు. వ్యాను అడ్డకర్రను విరుచుకుని వెళ్ళి పట్టీ మీదికెక్కింది. ముందు టైరు పేలింది. బండి పక్కకు ఒరిగి, ఇసుక నింపిన డ్రమ్ములకు గుద్దుకుని ఆగింది. వెనక పేర్చిన అట్టలు జారి కింద పడ్డాయి. కోడిగుడ్లు. ఒకదాని మీద ఒకటి పగులుతూ లేను పొడుగునా పచ్చగా పారాయి.

గార్డుల పెద్దను అందరూ దున్న అంటారు. అతని మెడ అలాంటిది. మొదట వ్యాను తలుపు తెరిచింది అతనే. డ్రైవరు నడివయసు మనిషి, బక్కగా ఉన్నాడు. నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. దున్న కర్ర అడ్డంగా అతని దవడ మీద పడింది. ఆ తర్వాత ఆ నోట్లోంచి మాట రాలేదు. అతను వంగి, స్టీరింగ్ కింద, తన కాళ్ళ దగ్గరికి చెయ్యి చాపాడు. మళ్ళీ మళ్ళీ అక్కడే చూపించాడు.

"సీటు కింద ఏదో తీస్తున్నాడు రోయ్" అని ఎవరో అరిచారు.

తమ్ముడు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆ చాపిన చేతి మీద కొట్టాడు. కర్ర మోచేతి దగ్గర పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కాలర్ పట్టి కిందికి లాగాడు. డ్రైవరు గుడ్ల సొనలో పడ్డాడు. లేవబోయి జారాడు. మళ్ళీ లేవబోయాడు. తమ్ముడు భుజం మీద, వీపు మీద, తల కాచుకున్న రెండో చేతి మీద కొట్టాడు. కొడుతూ తనూ జారి మోకాళ్ళ మీద పడి, ఆ పడ్డ కోపానికి ఇంకా కొట్టాడు. ప్రతి దెబ్బకూ ఆమె బూత్ వైపు ఒకసారి చూశాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడు పంతులు వైపు చూసినట్టు.

ఆమె లేచి నిలబడింది. "చాలురా" అంది. అద్దం వెనక అన్న మాట ఎవరికీ వినపడలేదు. నోట్లో ఈల ఇంకా ఉందని అప్పుడు తెలిసింది.

వెనక బండ్లు వరసకట్టి హారన్లు మొదలుపెట్టాయి. సూపర్‌వైజరు పరుగున వచ్చి, "లేను ఖాళీ చెయ్యండి" అన్నాడు. డ్రైవరును ఇద్దరు మోసుకుపోయి నీడలో పడుకోబెట్టారు. మిగతావాళ్ళు వ్యానును పక్కకు నెట్టబోయారు. అది కదల్లేదు.

"తిండి తినట్లేదురా మీరు. నెట్టండి" అన్నాడు దున్న.

భుజాలు ఆనించి నెట్టారు. కదల్లేదు. టైరు పోయినందుకే అన్నారెవరో. తమ్ముడు తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వంగాడు. ఆమె బూత్‌కు ఎదురుగానే ఉంది ఆ తలుపు. రెండు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకు నిట్టనిలువుగా లేచి ఉంది. అతను దాన్ని పట్టుకున్నాడు. వెంటనే దించలేదు. చెయ్యి దాని మీదే కొంతసేపు ఉండిపోయింది. తర్వాత బొటనవేలితో మీట నొక్కి కిందికి దించాడు. బండి కదిలింది.

తప్పించుకుపోయేవాడు హ్యాండ్‌బ్రేకు లాగడు.

తమ్ముడు వంగిన చోటు నుంచి తలెత్తి అక్కను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతనే తిప్పుకున్నాడు.

నీళ్ళ ట్యాంకరు వచ్చి లేను కడిగింది. పచ్చదీ ఎర్రదీ కలిసి కాలువలో పడ్డాయి. "చూశావా, ఈల సమయానికి పడితే ఎలా ఉంటుందో" అన్నాడు సూపర్‌వైజరు ఆమెతో, మెచ్చుకోలుగానే. పక్క బూత్‌లో పిన్ని కడుగుతున్న నేలను చూస్తూ, "ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది మనవాళ్ళ పని. ఈల పడింది, కర్ర లేచింది. ఎందుకు పడిందని అడిగినవాడు లేడు" అంది. ఆ మాట గార్డుల గురించే. ఆమెకు మాత్రం తన గురించే అన్నట్టు తగిలింది.

మరుసటి రోజు పొద్దున సూపర్‌వైజరు అందరినీ తన గదికి పిలిచాడు. డ్రైవరు ఆసుపత్రిలో ఉన్నాడని, పోలీసులు రేపు వస్తారని చెప్పాడు.

"భయపడాల్సిందేం లేదు. వాడు కావాలని గేటు విరిచాడు. మన పిల్లల మీదికి బండి తోలాడు. ప్రాణం కాపాడుకోడానికి మనవాళ్ళు రెండు తగిలించారు. అంతే. అందరిదీ ఒకటే మాట ఉండాలి." ఆమె వైపు తిరిగాడు. "ముఖ్యంగా నీది. ముందు చూసింది నువ్వు, ఈల వేసింది నువ్వు."

"కెమెరా ఉందిగా సార్" అంది పిన్ని.

"ఆ లేను కెమెరా పనిచెయ్యట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి" అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె మళ్ళీ బూత్‌లో కూర్చున్న కాసేపటికి ఒకావిడ లేను పక్కన నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఖాళీ సంచీ. డ్రైవరు భార్య. వ్యానులో ఆయన కళ్ళజోడు, చెప్పులు ఉండిపోయాయట. గార్డులు ఆవిడను చూసి తలా ఒక పక్కకు పోయారు. తమ్ముడు ఎప్పుడో మాయమయ్యాడు. ఒక చెప్పే దొరికింది. దాన్ని సంచిలో వేసుకుని బూత్ కిటికీ దగ్గరకొచ్చింది.

"ఈల వేసింది నువ్వేనటగా అమ్మాయ్."

ఆమె తలూపింది. ఆవిడ తిట్టడానికి వచ్చిందనుకుని కిటికీకి కొంచెం దూరంగా జరిగింది. ఆవిడ అది గమనించింది.

"కొట్టడానికి రాలేదులే. ఒక్క మాట అడిగిపోదామని. దవడకు తీగలేసి నోరు కట్టేశారు. రాయమందామంటే రెండు చేతులకూ కట్లే. ఏం చెప్పాలనుకుంటున్నాడో తెలీట్లేదు. నన్ను చూడగానే కుడికాలు చూపిస్తాడు. నొప్పా అంటే కాదంటాడు. డాక్టరు కూడా చూశాడు, కాలికి దెబ్బే లేదు. కానీ ఊరుకోడు. మంచం చివర ఇనుప కడ్డీ ఉంటుందా, దాన్ని ఆ కాలితో నొక్కుతూనే ఉంటాడు. నొక్కి నా మొహం చూస్తాడు. మళ్ళీ నొక్కుతాడు. నిద్రలో కూడా. ఇక్కడ ఆయన కాలికి ఏమన్నా అయిందా? నువ్వు చూశావా?"

వెనక ఒక కారు వచ్చి ఆగింది. ట్యాగ్ పలికింది. అడ్డకర్ర దానంతటదే లేచింది.

"కావాలనే గేటు విరిచాడని కేసు పెడతారట. పాతికేళ్ళుగా తోలుతున్నాడు. ఒక్క గుడ్డు పగలనిచ్చేవాడు కాదు" అంది ఆవిడ.

"నాకు తెలీదక్కా" అంది ఆమె.

ఆవిడ "సరేలే" అని, సంచి చంకన పెట్టుకుని ఎండలో ఎత్తు రోడ్డు వైపు నడిచింది. బస్సు అక్కడాగుతుంది. ఆ ఎత్తును చూస్తుంటే ఆమెకు ఇంకో సంగతి తోచింది. ఈల పడకపోయినా, పట్టీ పరవకపోయినా, వ్యాను గేటు విరుచుకుని ఆ ఎత్తు ఎక్కి దానంతటదే ఆగిపోయేది.

సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చేదాకా ఆమె పొయ్యి దగ్గరే కూర్చుంది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోగానే కంచం పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"ఆయన భార్య వచ్చింది ఇవాళ."

"చూశాను."

"చూసి ఎక్కడికి పోయావు?"

అతను ముద్ద కలుపుతున్నాడు.

"మంచంలో పడుకుని కాలితో నొక్కుతున్నాడట రా. బ్రేకు. అది పనిచెయ్యలేదని చెప్తున్నాడు. ఆ రోజూ అదే చూపించాడు. మనకు అర్థం కాలేదు."

"వాడు రాడ్డు తీస్తున్నాడు."

"రాడ్డు ఉందా అక్కడ?"

"అన్నం తిననిస్తావా?"

"హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది. నువ్వే దించావు. నేను చూశాను, నేను చూడడం నువ్వు చూశావు. రేపు పోలీసాయన అడిగితే..."

"నోరు మూసుకో."

"అడిగితే ఏం చెప్పాలి రా నేను?"

"నీ కోసమే కొట్టాను" అన్నాడు అతను. గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది. "నీ మొహం చూసి కొట్టాను. ఇప్పుడు నన్ను జైల్లో పెట్టిస్తావా?"

"నన్ను కొట్టినవాడు ఆయన కాదుగా."

అతని చెయ్యి లేచింది. ఎంగిలి చెయ్యి. అదే చెంప మీద పడింది. మానుతున్న పెదవి మళ్ళీ పగిలింది. కంచం తిరగబడి గోడకు దొర్లింది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అమ్మ లోపలికి వెళ్ళి, వేడినీళ్ళ గిన్నె, గుడ్డ తెచ్చి, కూతురి పక్కన కూర్చుంది. గుడ్డ పిండుతూ, కొడుకు వైపు చూడకుండా అంది.

"ఆ కారువాడు ఎవడో నాకు తెలీదు అనుకున్నాను. అచ్చం ఇలాగే ఉండి ఉంటాడు."

అతను తన చేతిని చూసుకున్నాడు. తర్వాత లేచి, తిరగబడ్డ కంచం తీసి, నేల తుడిచాడు. అంత శ్రద్ధగా తుడవడం అతనికి అలవాటు లేదు.

మర్నాడు పోలీసాయన సూపర్‌వైజరు గదిలో కూర్చుని టీ తాగాడు. గార్డులు గోడ వారగా నిలబడ్డారు. చివర తమ్ముడు, కర్ర పట్టుకుని. ఆమెను లోపలికి పిలిచేముందు సూపర్‌వైజరు గుమ్మం దగ్గర ఆపి, చెవిలో అన్నాడు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందమ్మా. గుర్తుపెట్టుకో. మొదటి దెబ్బ దున్నది కావచ్చు, చెయ్యి విరగ్గొట్టింది మీవాడే."

పోలీసాయన ఆమె చెంపను చూశాడు. "ఇది ఆ వ్యానువాడి పనేనా?"

"అవును సార్" అన్నాడు సూపర్‌వైజరు.

"కాదు సార్" అంది ఆమె. "అది వేరే."

"సరే. వ్యాను కావాలని గేటు విరిచిందంటున్నారు. నువ్వేమంటావు?"

"కావాలని కాదు. బ్రేకు పోయింది. ఆపాలని చూశాడు."

సూపర్‌వైజరు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆ అమ్మాయి బూత్‌లో ఉంది సార్, దానికేం తెలుస్తుంది."

పోలీసాయన చేత్తో ఆగమన్నాడు. "ఎలా తెలుసమ్మా?"

"హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది. నెడితే బండి కదల్లేదు. అది దించాకే కదిలింది."

"ఇప్పుడు దించే ఉంది. నేను చూసొచ్చాను. నువ్వు చెప్తే సరిపోదు. దించిన మనిషి కావాలి. ఎవరు దించారు?"

బయట బండ్లు పోతున్నాయి. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. గోడ వారగా ఒక కర్ర నేలకు తగిలి టక్కుమంది. ఆమె అటు చూడలేదు. చూస్తే చెప్పలేనని ఆమెకు తెలుసు.

"మా తమ్ముడు" అంది.

దున్న ఒక బూతుమాట గొణిగాడు. సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచాడు. పోలీసాయన గోడ వైపు తిరిగి, "ఎవడ్రా?" అన్నాడు.

తమ్ముడు కదల్లేదు. అతని ముఖం గోడరంగులోకి తిరిగింది. ఒక్క మాట చాలు, నాకేం తెలీదు సార్ అని. దున్న అతని పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాడు కూడా.

"అడుగుతున్నది నిన్నే. హ్యాండ్‌బ్రేకు లాగి ఉందా?"

తమ్ముడి చేతిలోని కర్ర ఎడమ చేతికి మారింది. ఖాళీ అయిన కుడి చెయ్యి నెమ్మదిగా పక్కకు వచ్చింది. అక్కడ లేని మీటను పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి నడుము దాకా లేచి అక్కడ ఆగింది. బొటనవేలు నొక్కింది. చెయ్యి కిందికి దిగింది.

"ఎంత పైకి ఉంది?" అన్నాడు పోలీసాయన.

ఆ చెయ్యి మళ్ళీ లేచింది.

"అంతకన్నా రాదు సార్. ఆఖరి పన్ను దాకా లాగాడు" అన్నాడు తమ్ముడు. కొంచెం ఆగి, "అది చూశాక తెలిసింది. అప్పటికి కొట్టేశాను" అన్నాడు.

జీపెక్కించేటప్పుడు దున్నను కూడా ఎక్కించారు. తమ్ముడు అక్క ముందు నుంచే నడిచాడు. కర్ర ఎవరికివ్వాలో తెలియక ఆమెకే ఇచ్చాడు.

"అమ్మ అడిగితే..." అన్నాడు.

"నేను చెప్తాలే."

అతను ఆమె చెంప చూసి, చూపు దించుకుని జీపెక్కాడు.

సూపర్‌వైజరు రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె మెడలో తాడు తీసి ఈలను అతని బల్ల మీద పెట్టింది. కర్రను బల్లకు ఆనించింది. పిన్ని తన టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, "తాగి పో" అంది. పిన్ని అంత తక్కువ మాట్లాడడం ఎవరూ ఎరగరు. టీ వేడికి పెదవి మండింది. గ్లాసు ఇచ్చేసి, ఎత్తు రోడ్డు ఎక్కి, బస్సాగే చోట నిలబడింది.

ఆసుపత్రిలో ఆ వార్డు చివర మంచం. భార్య నేల మీద గోడకానుకుని కునుకు తీస్తోంది. డ్రైవరు ముఖం గుడ్డల్లో ఉంది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ కట్లతో పొట్ట మీద ఉన్నాయి. ఆమెను గుర్తుపట్టాడో లేదో తెలియదు. బూత్ అద్దం వెనక ముఖాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు. కానీ మనిషి కనబడగానే కుడికాలు కదిలింది. పాదం మంచం చివరి ఇనుప కడ్డీని నొక్కింది. వదిలింది. ఆమె ముఖం చూస్తూ మళ్ళీ నొక్కింది. అక్కడ కడ్డీ రంగు పోయి మెరుస్తోంది.

ఆమె మంచం చివరికి వెళ్ళి నిలబడింది.

"తెలుసన్నా. బ్రేకు పడలేదు. పోలీసులకు చెప్పేశాం" అంది.

పాదం కడ్డీ మీద అలాగే ఉండిపోయింది. తర్వాత జారి పరుపు మీద పడింది. అతను కళ్ళు మూసుకున్నాడు. భార్య ఉలిక్కిపడి లేచింది. రెండు రోజులుగా ఆగకుండా వినిపించిన ఆ కడ్డీ చప్పుడు ఆగిపోయేసరికి.